చివరి శాలువా

సౌదీలో బురైదా శివార్లలోని ఖర్జూరం తోటలో పనిచేసే దేవన్న, పంపు షెడ్డు ముందు కూర్చుని టీ తాగుతూ పక్కకు ఒరిగాడు. తోటి కూలీలు లేపబోయారు. లేవలేదు. గుండెపోటు అని కాగితం మీద రాశారు. శవం ఇండియా చేరాక ఒక ల్యాబ్ రక్తాన్ని మళ్లీ పరీక్షించింది. చర్మం గుండా లోపలికి వెళ్లే విషం అని తేల్చింది.

ఆ రిపోర్టు కోడ్ రూపంలో అల్ ఖోబర్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీకి వచ్చింది. ఏజెన్సీ మేనేజర్ ఆస్మా జనానికి టికెట్లు, వీసాలు చేయిస్తుంది. జీతం మాత్రం ఢిల్లీ నుంచి వస్తుంది. ఆమె ఇద్దరు ఏజెంట్లను పిలిపించింది.

ఒకడు కాషిఫ్. హైదరాబాద్ వాడు. ఈవెంట్ మేనేజర్ అనే కవర్‌లో ఉన్నాడు. సూట్ వేసుకుంటాడు, ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. రెండోవాడు నౌమాన్. కడప వాడు. రాస్ తనూరాలో ఏసీ టెక్నీషియన్, శుక్రవారాలు వ్యాన్ డ్రైవర్. ఏసీ గ్యాస్ వాసన చొక్కాలోంచి పోదు.

బ్రీఫింగ్ ఎక్కువసేపు సాగలేదు. హిందూ మహాసముద్రంలో లమారా అనే చిన్న దీవుల దేశం. అక్కడ ఎన్నికలు. రూబెన్ డకోస్టా అనే అభ్యర్థి, పర్మిట్ గడువు దాటి అక్కడి జైళ్లలో పడ్డ విదేశీ కూలీలను వదిలేస్తానని మాటిచ్చాడు. లమారా ఓటర్లు బహ్రెయిన్‌లో చాలామంది ఉన్నారు. ఆ జైళ్లలో అన్నదమ్ములున్న తెలుగువాళ్లు సౌదీలో ఉన్నారు. వాళ్లు ప్రతి శుక్రవారం కాజ్‌వే అనే సముద్రపు వంతెన దాటి బహ్రెయిన్ రాజధాని మనామా వెళ్లి, ఓటర్ల ఇళ్లు తిరిగి, కరపత్రాలు పంచి వస్తున్నారు. కూలీలకు మల్టిపుల్ ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే ఎన్నిసార్లైనా సౌదీ దాటి తిరిగొచ్చే వీసా, దొరకడం మామూలు విషయం కాదు. అది ఎవరు చేయిస్తున్నారని, వాళ్లతో వెళ్లొచ్చిన దేవన్న అడిగాడు. తర్వాత అడగడానికి ఆయన లేడు.

"ఆర్కిడ్," అంది ఆస్మా. "కిరాయికి చంపే ప్రైవేట్ రింగ్. రూబెన్ గెలిస్తే వాళ్ల క్లయింట్‌కి పోర్ట్ కాంట్రాక్ట్ పోతుంది. నెలాఖరు శుక్రవారం మనామా మీటింగ్‌లో హిట్. మెథడ్ ఏంటో మన సోర్స్ కనుక్కుంటుంది."

"సోర్స్ ఎవరు?" అన్నాడు నౌమాన్.

"మెహజబీన్. ఆర్కిడ్ ఆమెని వలంటీర్ కోఆర్డినేటర్‌గా పెట్టుకుంది. వాళ్లకి పని చేస్తున్నట్టుంటుంది, మనకి చెప్తుంది. హ్యాండ్లర్ కాషిఫ్."

నౌమాన్ టేబుల్ వైపు చూశాడు. మెహజబీన్‌ను ఏజెన్సీలోకి తెచ్చింది తనే. హాయిల్‌లో కూరగాయల ట్రేడింగ్ కంపెనీలో ఆమె అకౌంట్స్ చూసేది. ఏసీ బాగుచేయడానికని వెళ్లేవాడు. బాగైన ఏసీని కూడా రెండుసార్లు బాగుచేశాడు. రిక్రూట్‌మెంట్ ఫైల్ మీద తన సంతకం ఉంది. తర్వాత ఆమెను ఖోబర్‌కు మార్చారు. ఇంగ్లీషు వచ్చిన హ్యాండ్లర్ కావాలన్నారు.

"నౌమాన్, నీది వలంటీర్ల వ్యాన్, ఆడియో," అంది ఆస్మా.

ఆడియో అంటే కాషిఫ్ కాలర్ బొత్తంలో ఉన్న మైక్. దాని రిసీవర్ నౌమాన్ చెవిలో ఉంటుంది. నౌమాన్ మాట వినడానికి కాషిఫ్ చెవిలోనూ ఒకటి ఉంటుంది. వారాల తరబడి నౌమాన్ వ్యాన్‌లో కూర్చుని, కాషిఫ్, మెహజబీన్ కాఫీ షాపుల్లో మాట్లాడుకున్నవన్నీ విన్నాడు. ఆమె కాషిఫ్ కాలర్ సర్దినప్పుడల్లా చెవిలో గరగరమని చప్పుడొచ్చేది. చప్పుడు ఎంతసేపు సాగిందో నౌమాన్‌కి తెలిసేది. అంతసేపు సర్దాల్సిన కాలర్ లోకంలో లేదని అతని అభిప్రాయం.

ఆమె సమాచారం ఇచ్చింది. విషం జ్యూస్ గ్లాసు అంచున పూస్తారని చెప్పింది. కాషిఫ్‌కు పెన్నులాంటి టెస్టర్ ఇచ్చారు. విషం తగిలితే మొన నీలంగా మారుతుంది.

నౌమాన్ ఆస్మాకు ఒక నోట్ పంపాడు. మెహజబీన్ అబద్ధం చెబుతోందని, ఫోన్‌లో ఆర్కిడ్ మనుషులతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతులో భయం లేదని రాశాడు. ఆస్మా అతన్ని పిలిచింది.

"ఇది ఇంటెలిజెన్స్ కాదు నౌమాన్. ఇది కడుపుమంట."

నౌమాన్ కాదనలేదు. రెండూ నిజమే కావచ్చని మాత్రం అన్నాడు. ఆస్మా నోట్‌ను ష్రెడర్‌లో వేసింది.

వ్యాన్‌లో తిరిగే వలంటీర్లలో భూమేష్ ఒకడు. జగిత్యాల వైపు తాపీమేస్త్రి. ముందు సీటులో నౌమాన్ పక్కన కూర్చునేవాడు. మనామా వీధుల్లో కరపత్రాలు పంచేటప్పుడు ఏ గుమ్మం ముందైనా చెప్పులు విడిచే వెళ్లేవాడు. ఎందుకింత కష్టమని నౌమాన్ ఒకసారి అడిగాడు.

"నా తమ్ముడు ఆడ జైల్ల ఉన్నడు భాయ్," అన్నాడు భూమేష్. "మరదలు గౌరవ్వ రోజు ఫోన్ జేస్తది. ఈ సారు గెలిస్తె ఇడుస్తడట. గెలవకుంటె ఆడు ఆడనే ముసలోడైతడు."

మీటింగ్‌లో రూబెన్‌కు తెలుగువాళ్ల తరఫున శాలువా కప్పాలని మెహజబీన్ ప్రతిపాదించింది. ఆ మాటతో వ్యాన్‌లో మరో మాట లేకుండా పోయింది. శాలువా ఎవరు కప్పాలన్నది ప్రశ్న. కార్మిక సంఘం సెక్రటరీ రాము, నిర్మాణ కంపెనీలో ఫోర్‌మన్, తనేనన్నాడు. మిగతావాళ్లు ఊరుకోలేదు. ఎవరి శాలువా వాళ్లు కొనుక్కున్నారు. ఎవరితో ఎవరూ చెప్పకుండా కొన్నారు. బయటపడేసరికి వ్యాన్ నిండా శాలువాలే.

ఆ సాయంత్రం మెహజబీన్ కాషిఫ్‌తో అన్న మాట నౌమాన్ చెవిలో పడింది.

"అందరినీ కప్పనివ్వండి. ఒకటి కప్పితే ఇంకొకటి తీసేస్తారు. ఆఖరిది మాత్రం మెడలో ఉండిపోతుంది, ఫొటో అదే పడుతుంది. ఆఖరిది భూమేష్‌కి ఇద్దాం. పాపం, తమ్ముడు జైల్లో ఉన్నాడు కదా. మంచి శాలువా నేనే తెస్తాను."

"నీ మనసు ఎంత మంచిది," అన్నాడు కాషిఫ్.

కాలర్ గరగరలాడింది. నౌమాన్ వాల్యూమ్ తగ్గించాడు.

శుక్రవారం వ్యాన్ ఖోబర్ నుంచి బయలుదేరింది. మెహజబీన్ వెనక సీటులో కాషిఫ్ పక్కన కూర్చుంది. పసుపు దుపట్టా వేసుకుంది. కవర్‌లో మడిచిన మెరూన్ శాలువా కాషిఫ్ ఒడిలో ఉంది. కాజ్‌వే మధ్య దీవిలో కస్టమ్స్ అధికారి అందులో ఏముందని అడిగాడు. కాషిఫ్ శాలువాను చేత్తో బయటికి లాగి, మడత విప్పి చూపించి, మళ్లీ లోపల పెట్టాడు. అధికారి వెళ్లమన్నాడు.

అక్కడి నుంచి హాలు చేరేదాకా చెవిలో ఒక్క గరగర కూడా వినిపించలేదు. నౌమాన్ అద్దంలో చూశాడు. మెహజబీన్ కిటికీ వైపు జరిగి కూర్చుంది. హాలు ముందు దిగడానికి కాషిఫ్ చెయ్యి అందిస్తే డోర్ హ్యాండిల్ పట్టుకుని దిగింది. పోట్లాడుకున్నారేమోనని నౌమాన్‌కు అనిపించింది. కొంత సంతోషించాడు కూడా.

కవర్‌ను భూమేష్ చేతికిచ్చారు. అందరూ లోపలికి వెళ్లారు. నౌమాన్ వ్యాన్‌లోనే ఉండి విన్నాడు. కాషిఫ్ గ్లాసులన్నీ టెస్ట్ చేశాడు. పెన్ను మొన తెల్లగానే ఉంది. రూబెన్ స్టేజి ఎక్కాడు. చప్పట్లు వినిపించాయి. శాలువాలు మొదలయ్యాయని కాషిఫ్ చెప్పాడు. తర్వాత కాషిఫ్ మెహజబీన్‌తో మామూలుగా ఒక మాటన్నాడు.

"చెయ్యి దురద పెడుతోంది."

"సబ్బుతో కడుక్కోండి," అంది ఆమె. "ఇప్పుడే. మాట్లాడకుండా వెళ్లండి. మోచెయ్యి దాకా కడుక్కోండి."

ఆ గొంతు వణికింది. ఆమె గొంతులో భయం వినడం నౌమాన్‌కి అదే మొదలు. మొదట అతనికి తట్టింది తన సంగతే. హాయిల్‌లో స్క్రూడ్రైవర్ దిగి చెయ్యి తెగితే, ఈమె టిష్యూ పేపర్ డబ్బా చూపించి ఫైల్లో తల దూర్చింది. వాడికి దురదపెడితే ఇంత కంగారా అనుకున్నాడు.

ఆ ఆలోచన అక్కడే ఆగింది. దురదకి ఎవరూ అంత భయపడరు. శాలువా పట్టుకున్న చెయ్యి అది. ఆ చెయ్యిని ఆమె కాజ్‌వే దగ్గర నుంచి ముట్టుకోలేదు. ఆఖరి శాలువా రూబెన్ మెడలో ఉండిపోతుంది. విదేశీ కూలీలను వదులుతానన్నవాడు విదేశీ కూలీ చేతిలోనే చచ్చాడని రేపు లమారా పేపర్లు రాస్తాయి. తన మాట నమ్మేవాళ్లు భూమేష్‌కి ఏ దేశంలోనూ దొరకరు. తమ్ముడు ఆ జైల్లో, అన్న ఈ జైల్లో.

నౌమాన్ మైక్ ఆన్ చేశాడు. "కాషిఫ్. ఏసీలో గ్యాస్ అయిపోయింది."

అది ఆపరేషన్ ఆపమనే కోడ్.

"మళ్లీ మొదలెట్టావా మియా," అన్నాడు కాషిఫ్. పక్కన నీళ్ల చప్పుడు. "ఆమె నా గురించి కంగారుపడితే నీకు మంట. టాయిలెట్‌లో ఉన్నా, కాస్త వదిలెయ్."

కాషిఫ్ తన చెవిలోంచి రిసీవర్ తీసేసినట్టు క్లిక్ వినిపించింది.

నౌమాన్ టూల్ బాక్స్‌లోంచి గ్యాస్ నింపేటప్పుడు వేసుకునే గ్లవ్స్ తీసి తొడుక్కుని హాల్లోకి పరుగెత్తాడు. డ్రైవర్ యూనిఫాం చూసి గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు. స్టేజి కింద గార్డులున్నారు. మెట్ల దగ్గర లైన్ చివర భూమేష్ ఉన్నాడు. అతని చేతిలో పచ్చ రంగు శాలువా ఉంది. ధర చీటీ కూడా తీయలేదు.

"మెరూన్‌ది యాడ?" అన్నాడు నౌమాన్.

"రామన్న గుంజుకున్నడు భాయ్. సంగం వెట్టింది నేనైతే ఆఖరుది మేస్త్రి కప్పుడేంది అన్నడు. గాయన శాలువ నాకిచ్చి, నన్ను ముందుగాల పొమ్మన్నడు. నేను పోలే. గాయన ఇప్పుడు ఎక్కిండు, జూడు."

రాము స్టేజి మధ్యలో ఉన్నాడు. కవర్‌లోంచి శాలువాను సగం దాకా లాగాడు. రూబెన్ నవ్వుతూ తల వంచాడు. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. నౌమాన్‌కూ స్టేజికీ మధ్య గార్డులున్నారు. పరుగెత్తితే పట్టుకుంటారు. విషమని అరిస్తే వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, నమ్మించాలి. అంత టైం లేదు. అక్కడున్న వలంటీర్లు అందరికీ వెంటనే అర్థమయ్యే మాట ఒకటే ఉంది.

"గ్రూప్ ఫొటో," అని నౌమాన్ తెలుగులో గట్టిగా అన్నాడు. "సార్ పక్కన నిలబడేటోళ్లు స్టేజి మీదికి రావాలంట. ముందొచ్చినోళ్లకే ప్లేస్."

వలంటీర్లంతా లేచారు. కుర్చీలు పడిపోయాయి. గార్డులను దాటుకుని, మెట్లు ఎక్కి, కొందరు పక్కల నుంచి పాకి రూబెన్ చుట్టూ చేరారు. రూబెన్ కుడిపక్క చోటు ఒకరు ఆక్రమించారు. ఎడమపక్క మరొకరు. రాము వాళ్లను చూశాడు. చేతిలోని శాలువాను చూశాడు. రెండూ ఒకేసారి కుదరవు. కవర్‌ను కుర్చీలో పడేసి, ఎడమపక్క ఉన్నవాణ్ణి భుజంతో తోసి చోటు సంపాదించాడు.

గుంపులో కలిసి ఎక్కిన నౌమాన్ కుర్చీ దగ్గరికి చేరాడు. గ్లవ్స్‌తో కవర్‌ను మూసి టూల్ బ్యాగ్‌లో పెట్టి జిప్ లాగాడు. ఫ్లాష్ వెలిగింది. ఆ ఫొటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే, ఒక డ్రైవర్ వీపు మాత్రం కనిపిస్తుంది.

కాషిఫ్ టాయిలెట్‌లోంచి వచ్చాడు. అరచెయ్యి ఎర్రగా వాచింది. నౌమాన్ అతని జేబులోంచి పెన్ను తీసి, మొనను బ్యాగ్‌లో పెట్టి తీశాడు. నీలం. కాషిఫ్ పెన్నును చూశాడు, చెయ్యిని చూశాడు. ఆమె ఎక్కడ అని అడిగాడు.

"నువ్వు హాస్పిటల్‌కి పో," అన్నాడు నౌమాన్. "రామన్నని కూడా తోడుకోనిపో. ఆయప్పకి చేతులు చూపించుకోమను."

ఆస్మాకు ఫోన్ చేసి నౌమాన్ బయటికి వచ్చేసరికి మెహజబీన్ వ్యాన్ దగ్గర ఉంది. తాళం కోసం ఎదురుచూస్తోంది. నౌమాన్ డోర్ తీయగానే ముందు సీటులో కూర్చుంది. ఇన్ని శుక్రవారాల్లో ఆమె ఆ సీటులో కూర్చోవడం ఇదే మొదలు. తలనొప్పిగా ఉందని, ఖోబర్ తీసుకెళ్లమని అంది. తను ఎక్కడికి తీసుకెళ్లమంటే నౌమాన్ అక్కడికి తీసుకెళ్తాడనే నమ్మకంతో ఆమె తప్పించుకునే ప్లాన్ వేసుకుంది. హాయిల్‌లోనే ఆ సంగతి గమనించి ఉంటుంది.

నౌమాన్ బండి తీశాడు. సముద్రం రెండు పక్కలకీ వచ్చాక ఆమె అతని చేతి గ్లవ్స్ చూసింది.

"కాషిఫ్ కనిపెట్టలేదు," అంది. "మీకెలా తెలిసింది నౌమాన్ సాబ్?"

"కస్టమ్స్ కాడ్నించి వాణ్ణి నువ్వు ముట్టుకోలా."

"అంత చూస్తారా?"

"వినబడతాది కూడా."

"ఒక్క శాలువా చాలు అన్నారు ఆర్కిడ్ వాళ్లు. తెలుగోళ్ల సంగతి వాళ్లకి తెలీదు. వరస నేనే పెట్టాను. రాము లాక్కుంటాడని మాత్రం అనుకోలేదు."

"దేవన్నకి?"

"మఫ్లర్ ఇచ్చాను. చలికాలం కదా అన్నాను." ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఇక్కడ తనకి ఎవరూ ఏమీ ఇవ్వలేదన్నాడు."

నౌమాన్ స్పీడ్ తగ్గించలేదు. కాజ్‌వే మధ్య దీవిలో ఆస్మా నిలబడి ఉంది. పక్కన యూనిఫాంలో మనుషులున్నారు. మెహజబీన్ వాళ్లను చూసింది. అప్పటిదాకా తన దారిలోనే వెళ్తున్నాననుకున్న మనిషి ముఖం అది. డోర్ తనే తీసుకుని దిగింది.

రూబెన్ గెలిచాడు. మాట నిలబెట్టుకున్నాడు. భూమేష్ తమ్ముడు జైలు నుంచి నేరుగా ఊరికి చేరాడు. గౌరవ్వ ఆ రోజు ఫోన్ చేయలేదు. తీరిక లేదంది తర్వాత. గ్రూప్ ఫొటోకు ఫ్రేమ్ కట్టించి సంఘం ఆఫీసులో పెట్టారు. అందులో తనది సగం ముఖమే పడిందని రాము ఇంకా అంటున్నాడు. కాషిఫ్ చెయ్యి కోలుకుంది. ఆపరేషన్‌ను లీడ్ చేసినందుకు ఢిల్లీ అతనికి ప్రశంసాపత్రం ఇచ్చింది.

విచారణలో మెహజబీన్ ఆర్కిడ్ పేర్లన్నీ చెప్పింది. బదులుగా ఏం కావాలని అడిగితే, కాషిఫ్ చెయ్యి ఎలా ఉందో కనుక్కోమంది, తను అడిగానని అతనికి చెప్పమంది. ఆస్మా ఆ కబురు చేర్చే పనిని నౌమాన్‌కు అప్పగించింది.

నౌమాన్ తన సర్వీసులో పూర్తి చేయని మిషన్ అదొక్కటే.