సమాధిలోకి దించేటప్పుడు అనే మాట

ఆ ఇంట్లో పొద్దున్నే గొడవంటే కుళాయి దగ్గరే. ఆ రోజూ ముఖాన సబ్బు నురగతో ఇంటాయన అరుస్తున్నాడు, నీళ్లు కట్టేసింది ఎవరని. పరుపుల కొట్టు యజమాని, మసీదు కమిటీకి సెక్రటరీ. కట్టుకున్న భార్యతో సహా అందరూ ఆయన్ని సెక్రటరీ అనే పిలుస్తారు. ఆయనకూ అదే ముద్దు, ఏం చేస్తాం!

గుమ్మంలో మేనకోడలు కనిపించింది. కాళ్లకు చెప్పుల్లేవు.

"మామయ్యా, అమ్మ పోయింది. నిద్రలోనే పోయింది."

సెక్రటరీ ఉన్నచోటే కూలబడ్డాడు. ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లయ్యాక భర్తతో పాటు అవతలి వీధిలో వేరే శాఖవాళ్ల మసీదుకు మారింది. పోయినేడు మతపెద్దల తీర్పు వచ్చింది: ఆ మసీదువాళ్లు ముస్లింలు కారు, వాళ్ల సమాధులకు మన ఖబరస్తాన్‌లో చోటు లేదు. శుక్రవారం నమాజయ్యాక దాన్ని నలుగురిలో చదివింది ఈ మహానుభావుడే. ఆనాటి నుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

"పొద్దుగూకేలోపు తాతయ్య పక్కన పెట్టాలి మామయ్యా," అంది మేనకోడలు.

"అది కుదరదమ్మా. ఊరి బయట మీ నాన్నను పెట్టిన చోట చూద్దాం. బండి నేను మాట్లాడతాను."

"అక్కడా? ఒక్క వానకే నాన్న మీది మట్టంతా కొట్టుకుపోయింది!"

"నా చేతుల్లో ఏముంది చెప్పు?"

మంచం మీదున్న ముసలితల్లి లేచి కూర్చుంది. కూతురు పోయిన మాట ఆమె చెవిన పడనే పడింది.

"ఒరేయ్, అది పుట్టగానే దాని చెవిలో అజాన్ పిలుపు చెప్పింది మీ నాన్న. ఆయన పక్కన దానికి చోటు లేదా? నాకోసం ఉంచారే, ఆ చోట్లో పెట్టు. లేదంటే రేపు నన్నూ ఊరి బయటే పడెయ్యి."

"అమ్మా, నీకు తెలీదు. ఊరుకో."

"అవున్రా, ఏమీ తెలీకే ఇద్దర్నీ కన్నాను."

మేనకోడలు కళ్లు తుడుచుకుంది. "చోటు సంగతి తర్వాత. సమాధిలోకి దించేదెవరు మామయ్యా? నాన్న లేడు. నాకు అన్నదమ్ముల్లేరు. పరాయి మగాడు ముట్టకూడదని నువ్వే చెప్తావు కదా? అమ్మ ముస్లిమా కాదా అని నేనడగట్లేదు. నీ చెల్లెలా, కాదా? అది చెప్పు చాలు."

దించడమంటే ఏమిటో సెక్రటరీకి తెలుసు. సమాధిలో దిగినవాడు ఊరికే దించి రాకూడదు. అల్లాహ్ పేరుతో, ఆయన ప్రవక్త ధర్మం మీద అప్పగిస్తున్నానని పలకాలి. ఆ మాట అంటే తాను చదివిన తీర్పు అబద్ధమవుతుంది. అనకపోతే చెల్లెలు దిక్కులేనిదానిలా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భార్య కొంగు బిగించి చెప్పులేసుకుంది. "నేను వెళ్లి మీ చెల్లెలికి స్నానం చేయిస్తా. మీరు తీర్పును కాపలా కాస్తూ కూర్చోండి."

కాసేపటికి ఆయనా లేచాడు. ముఖాన నురగ ఎండిపోయి ఉంది. కడుక్కోవాలని కూడా తోచలేదు.

సాయంత్రం, అవతలి మసీదువాళ్లు ఇంటి ముందే జనాజా నమాజు చేస్తే, ఆయనా వచ్చి వరసలో నిలబడ్డాడు. పాడె ఖబరస్తాన్ చేరేసరికి గేటు దగ్గర కమిటీ అధ్యక్షుడు చేతులు కట్టుకుని ఉన్నాడు.

"సెక్రటరీగారూ, ఆ తీర్పు చదివిన నోరు మీదేనండీ."

"నాదే. తప్పు చదివింది. మా అమ్మ తన చోటు కూతురికిచ్చింది. కాదంటే ముందు నన్ను మతం నుంచి తీసేసి, అప్పుడు ఆపండి."

ఆ గొంతు విని అధ్యక్షుడే తడబడ్డాడు. కొందరు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. కొందరు పక్కకు జరిగారు. ఆడవాళ్లు లోపలికి రాకూడదు గనక మేనకోడలు, అత్త చెయ్యి పట్టుకుని గేటు అవతలే నిలబడిపోయింది.

సెక్రటరీ గోతిలోకి దిగాడు. పైనుంచి అందించిన చెల్లెల్ని రెండు చేతులా అందుకున్నాడు. ఇంత తేలికైపోయిందేమిటి! చూసి ఏడాది దాటింది, చిక్కిపోయిందని కూడా తనకు తెలీదు. గట్టుమీద అందరూ చూస్తున్నారు.

"అల్లాహ్ పేరుతో, ఆయన ప్రవక్త ధర్మం మీద," అన్నాడు. గొణిగినట్టుగా వచ్చింది. సిగ్గేసింది ఆయనకు. తలెత్తి మళ్లీ అన్నాడు, గేటు అవతలికి వినబడేలా.

తర్వాత ఎవరికీ వినబడకుండా, తెల్లటి కఫన్ గుడ్డ మీద చెయ్యి పెట్టి, "బతికుండగా ఈ మాట అనలేకపోయానే తల్లీ," అని వెక్కి వెక్కి ఏడ్చాడు. పైకి రమ్మని ఎవరో చెయ్యి అందించారు. ఆయన చాలాసేపు ఆ చెయ్యి అందుకోలేదు.