మూలిగే ట్యాంకు

పుత్తూరు దారిలోని ఆ పేపరు మిల్లులో చీకటి పడితే వెనకవైపుకు ఎవరూ పోరు. అక్కడొక పాత ఫైబర్ ట్యాంకు ఉంది. గాజునార, జిగురు కలిపి పోసిన గుండ్రటి ట్యాంకు. కాగితం గుజ్జును తెల్లబరిచే మందు అందులోనే ఉంచుతారు. అది నిండేకొద్దీ లోపల ఎవరో... మూలుగుతారట.

దెయ్యం సంగతి తర్వాత. ఆ కంపు ఉందే — కుళ్లిన గుజ్జు, ముక్కు కోసే మందు, ఏళ్ల తరబడి ఎత్తని బురద! అక్కడ కాపురం పెట్టిన దెయ్యానికి ముక్కు ఉండదని నా నమ్మకం.

నాకీ కథ చెప్పింది హేమశ్రీ. ట్యాంకుకు గీత కూడా పడకుండా దాని బాగోగులు పరీక్షించడం ఆమె ఉద్యోగం. మందు దించేసి, నీళ్లు నింపుతూ, గోడకు అతికించిన మైకుల్లో చప్పుళ్లు వినాలి. మిషన్లన్నీ ఆగితేనే వినబడతాయి కాబట్టి రాత్రి పెట్టుకున్నారు. కంపు భరించలేక, ఆమె వెనక్కి పోకుండా ముందువైపే మైకులు అతికించి వచ్చి దూరంగా కూచుంది.

"ఇది పగిలితే పక్కనుండే మనిషి బతకడన్నా. ఎవరైనా ఉండారా?" అని అడిగింది.

"ఎవురూ లేరు మేడమ్. మా తమ్ముడు మునివెంకటప్ప ఒకడే ఈడ తిరిగేది. వాణ్ణి గేటు కాడికి పంపేసినాను" అన్నాడు సూపర్‌వైజరు దొరస్వామి.

పంపు వేశారు. నీళ్లు సగం దాటాయి... ఇంకా పైకొచ్చాయి...

టిక్. టిక్. ఆపైన సన్నగా, సాగదీసి — మ్మ్మ్...

"ఇనబడిందా మేడమ్... అదే" అని దొరస్వామి గుసగుసలాడాడు.

హేమశ్రీకి ఆ చప్పుడు తెలుసు. నీళ్ల బరువుకు గోడలో గాజునార తెగుతోంది. కానీ తెగితే ఏదో ఒక చోట తెగాలి. ఇది ఛాతీ ఎత్తున, వెనకవైపంతా వరసగా... వడ్డాణం పెట్టినట్టు.

పంపు ఆపించి, ముక్కుకు చున్నీ కట్టుకుని, టార్చితో వెనక్కి పోయింది. వెంట దొరస్వామి. చెయ్యి ఆనిస్తే జిగట. పసుపు, కుంకుమ, కుళ్లి కారుతున్న నిమ్మకాయలు, వాటిలో లుకలుకలాడే పురుగులు. అరచేతికి అంటుకున్నాయి. అక్కడే వాంతి చేసుకుంది. నాకు చెప్పేటప్పుడు కూడా ఆ చెయ్యి చున్నీకి తుడుచుకుంటూనే ఉంది.

ఆ పెంట కింద ఇనుము తగిలింది. ఒకటి కాదు... వరసగా, ట్యాంకు వెనకంతా.

"ఏందన్నా ఇవి?"

"పొట్టి మేకులు మేడమ్. దెయ్యాన్ని కట్టేసేదానికి. అది మూలిగినప్పుడల్లా మా తమ్ముడొచ్చి ఒకటి కొడతాడు. వానికి బయం లేదు."

రోత అంటే ఇదీ! పురుగులనైనా కడుక్కోవచ్చు. గోడ తెగి మూలిగితే, మూలిగినందుకు మేకు. మేకు దిగి ఇంకాస్త తెగితే, మళ్లీ మూలుగు, మళ్లీ మేకు. ఎంత బుద్ధిగా చేశారో ఈ పని!

"పరిగెత్తన్నా... బయటికి!" అంది హేమశ్రీ.

అప్పుడు ట్యాంకుకు అవతలి వైపు నుంచి — ఠంగ్.

దొరస్వామి మొహంలో నెత్తురు లేదు. మూలుగు గేటు దాకా వినబడి, తమ్ముడు మేకు కొట్టడానికి వచ్చేసినట్టుంది.

"ఒరే మునీ! కొట్టొద్దురా! వచ్చేయిరా!" అని గొంతు చించుకుని అరిచాడు. ఆ అరుపు నీళ్ల ట్యాంకుకు తగిలి, మాటలు చెదిరి, వట్టి మూలుగులా అవతలికి పోయింది.

అవతల సుత్తి ఆగింది...

దెయ్యం గొంతు పెంచిందనుకున్నాడు కాబోలు — ఠంగ్! ఠంగ్! ఈసారి ఇంకా గట్టిగా.