కుంగిన నేల, నాలుగు శనివారాలు

వెండెల్ కుడికాలు చక్రాల మీది ఇల్లులాంటి పాత మోటార్‌హోమ్ నేలలోంచి తొడదాకా కిందికి దిగిపోయింది. ఎడమకాలు లోపలే మడతపడి ఉంది. చేతిలోని కాఫీ కప్పు మాత్రం చుక్క ఒలకకుండా నిలిచింది. బయట స్వీట్ హోమ్ ఊరంతా వానలో నానుతోంది.

"ఈ బూటు ఎవరిదండీ?" బండి కిందినుంచి ఓ ఆడగొంతు అడిగింది.

"నాదే."

"లోపల కాలు కూడా ఉందే."

"అదీ నాదే."

"సరే, కదలకండి. కదిలితే మిగతా మనిషి కూడా కిందికే వస్తాడు."

ఆ గొంతు రోండాది. పాత మోటార్‌హోమ్‌లు బాగుచేస్తుందని విని, ముందురోజు అతనే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆమె తలుపు తీసి, నేలమీద బోర్లా పడుకుని పాకుతూ వచ్చింది. వెండెల్ తొడ చుట్టూ ఉన్న చెక్కని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసింది. ఉడికిన చిలగడదుంపలో దిగినట్టు దిగింది.

"పైన ఈ కొత్త ప్లైవుడ్ వేసిందెవరు?"

"నేనే. వీడియో చూసి."

"కుళ్ళిన చెక్క మీద కొత్త చెక్కా? పుప్పిపన్నుకి రంగేసినట్టుంది."

"వీడియోలో ఆయన చాలా నమ్మకంగా చెప్పాడండీ."

"ఆయన కాలు ఎక్కడుందో చూపించాడా?"

వెండెల్ ఆలోచించాడు. చూపించలేదు.

ఆమె రంపం తీసింది. అతను కళ్ళు మూసుకున్నాడు. పావుగంటలో కాలు బయటపడింది, ప్యాంటు మాత్రం దక్కలేదు. బడి లైబ్రరీలో పనిచేసే వెండెల్‌కి ఉన్న ఒకే ఒక్క మంచి ప్యాంటు అది. అయినా అతనికి ఆ దిగులు పట్టలేదు. ఆమె జుట్టులో ఇరుక్కున్న రంపపు పొట్టునే చూస్తూ కూర్చున్నాడు.

ఆ బండి తాతయ్య 1973లో కొన్నది. వెండెల్ చిన్నప్పటి వేసవులన్నీ అందులోనే గడిచాయి. తాతయ్య పోయాక తొమ్మిదేళ్ళుగా పెరట్లో పడి ఉంది. ఇప్పుడు నానమ్మ లూవర్న్‌కి ఎనభై నిండబోతున్నాయి. పుట్టినరోజు న్యూపోర్ట్ సముద్రం ఒడ్డున, ఆ బండిలోనే చేసుకోవాలని ఆవిడ పట్టు.

"ఆ నేలమీద నేను డాన్స్ చేస్తాన్రా. ఊగిందా, బండిని తుక్కువాడికి ఇచ్చేస్తా. నడుం విరగ్గొట్టుకునే వయసు కాదు నాది."

చేతిలో నాలుగు శనివారాలున్నాయి.

మొదటి శనివారం రోండా నేల జోలికే పోలేదు. "నేల కుళ్ళింది కదా అని అందరూ నేలనే చూస్తారు. ముందు పైకి చూడాలి. నీళ్ళెక్కడ కారుతున్నాయో తెలియకపోతే ఎన్ని చెక్కలేసినా దండగ."

ఇద్దరూ లోపల కూర్చుని పైకి చూస్తూ ఉండిపోయారు. వాన దంచుతోంది. గంట తర్వాత ఒక చుక్క వెండెల్ ముక్కు మీద పడింది.

"దొరికింది," అంది రోండా మురిపెంగా. దొరికింది తన ముక్కో, పైకప్పులో చిల్లో అతనికి అర్థం కాలేదు.

రెండో శనివారం పైకప్పు చిల్లు పూడ్చి, చివికిన చెక్కంతా పారతో ఎత్తిపోశారు. కిందకి వంగిన దూలాల్ని జాకీ పెట్టి పైకి లేపారు. మాటల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"పావు తిప్పు అంటే పావే తిప్పు. లైబ్రరీలో పేజీలు తిప్పుతున్నావా?"

"కంగారులో ఎక్కువ తిరిగింది."

"జాకీ దగ్గర కంగారెందుకు?"

కంగారు జాకీ దగ్గర కాదని చెప్పే ధైర్యం అతనికి చాలలేదు.

మూడో శనివారం కొత్త ప్లైవుడ్ పరిచి, జిగురేసి, స్క్రూలు బిగించారు. వెండెల్ తన చొక్కా చేతిని కూడా నేలకి అంటించుకున్నాడు. ఆమె నవ్వి నవ్వి కూలబడిపోయింది. సాయంత్రానికి పని అయిపోయింది. నేల చెక్కుచెదరకుండా ఉంది. వెండెల్ గుండె మాత్రం కుంగింది. ఇక ఆమెను పిలవడానికి సాకేదీ?

అంతలో వంటగది మూల వంగి చూస్తున్న రోండా తల ఎత్తకుండా అంది, "ఇక్కడా మెత్తగానే ఉంది. పాత పలక తీసేయాలి. ఇంకో శనివారం పడుతుంది."

"అయ్యో పాపం," అన్నాడు వెండెల్, మొహం చేటంత చేసుకుని.

నాలుగో శనివారం ఆ మూల కొత్త పలక వేసి, ఇద్దరూ బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తున్నారు. గొడుగేసుకుని లూవర్న్ వచ్చింది. షెడ్డు గోడకి ఆనించిన పాత పలకని వేళ్ళతో తట్టింది, గోటితో గీకింది, వాసన చూసింది.

"అమ్మాయ్, ముప్పై ఏళ్ళు ప్లైవుడ్ మిల్లులో మంచి చెక్కలు, చెడ్డ చెక్కలు వేరుచేసినదాన్ని. ఈ పలక నాకంటే గట్టిగా ఉంది. ఎందుకు పీకావ్?"

బండి కింద రోండా చెవులు ఎర్రబడ్డాయి.

"పొరపాటు పడి ఉంటుందిలే నానమ్మా," అన్నాడు వెండెల్ వెనకేసుకొస్తూ.

"పొరపాటు కాదు," అంది రోండా చిన్నగా. "చెక్క బాగానే ఉంది. నాకే ఇంకో శనివారం కావాల్సొచ్చింది."

వెండెల్ లేచి కూర్చోబోయాడు. నుదురు దూలానికి ఠంగున తగిలింది.

"దూలం గట్టిదేలే, దానికేం కాదు," అందామె.

"నేనూ నేల మళ్ళీ నానాలని కిటికీ దగ్గర ఓ బకెట్ నీళ్ళు పోద్దామనుకున్నా," అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"పోశావా?"

"చెయ్యి రాలేదు."

"పోసుంటే చంపేసేదాన్ని."

"నువ్వంటే ఇష్టమని చెప్దామనుకున్నా. దానికి నోరు రాలేదు."

"ఇప్పుడొచ్చిందిగా." ఆమె గ్రీజు చెయ్యి అతని చెయ్యిని వెతికి పట్టుకుంది.

పైన ధబ్ ధబ్‌మని చప్పుడైంది. లూవర్న్ బండెక్కి డాన్స్ చేస్తోంది. కింద ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఒక్క పలకా ఊగలేదు, ఒక్క దూలమూ మూలగలేదు.

కాసేపటికి ఆయాసపడుతూ ఆవిడ గొంతు వినిపించింది.

"రేపు సముద్రానికి ముగ్గురం వెళ్తున్నాం. అమ్మాయ్, వచ్చే శనివారం కోడికూర వండుతాను, భోజనానికి రా. ఊరికే వస్తే చాలు, మళ్ళీ ఏ గట్టి చెక్కా పీకక్కర్లేదు."