ఒక్క ఆట అయ్యేదాకా

ఆదివారం పొద్దున అశోక్‌నగర్‌లోని అరుంధతమ్మ ఇంటికి రామక్క రావడం ముప్పై ఏళ్ల అలవాటు. అడిక్‌మెట్‌ నుంచి నడుచుకుంటూ, నారాయణగూడ మార్కెట్‌లో తమలపాకులు కొని తెచ్చేది. వంటింటి గడప పక్కన కూర్చుని చాయ్ తాగుతూ పాత ముచ్చట్లు చెప్పుకుని వెళ్లిపోయేది. అరుంధతమ్మ పదిహేనేళ్లప్పుడు దొరల కోటలాంటి గడీకి కాపురానికి వెళ్తే, పుట్టింటివాళ్లు వెంట పంపిన పనిపిల్ల రామక్క. ఇప్పుడు, 1996లో, ఇద్దరికీ డెబ్బై ఏళ్లు దాటాయి.

ఆ రోజు మనవరాలు రచన నోట్‌బుక్‌తో వాళ్ల దగ్గర చేరింది. ఎం.ఏ. హిస్టరీ చదువుతోంది. గడీల్లో దొరసానుల రోజు ఎలా గడిచేదో కాలేజీలో రాసుకు రమ్మన్నారట.

అడగడమే ఆలస్యం, అరుంధతమ్మ మొదలుపెట్టింది. పొద్దున్నే నలుగు పెట్టి తలంటు, సాంబ్రాణి పొగ మీద జుట్టు ఆరబెట్టుకోవడం. భోజనాలయ్యాక లోపలి వసారాలో చల్లని బండల మీద తివాచీ పరుచుకుని పచ్చీసు ఆట. గవ్వలు గలగలలాడుతుంటే తోడికోడళ్ల నవ్వులు బయట మామగారు కూర్చునే కచేరీ దాకా వినిపించేవట. మామగారు దగ్గితే అందరూ కొంగులు నోట్లో కుక్కుకునేవారట. ఊరికెళ్తే పరదా కట్టిన బండి. ఆ పరదా సందులోంచి చూసిన జొన్నచేలు ఇంకా కళ్లముందే ఉన్నాయంది.

“పొద్దెట్ల పోయేదో తెలిసేది గాదు బిడ్డా.”

రచన రామక్క వైపు తిరిగి, ఆ రోజుల్లో నీకు బాగా యాదికున్నదేందని అడిగింది. రామక్క గ్లాసు కింద పెట్టింది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం తాను దొరసానుల ఆట దగ్గర పంకా తాడు లాగుతుంటే, తమ్ముడు పక్కనే ఉన్న పుట్టినూరి నుంచి గడీ వెనక దర్వాజకు వచ్చాడట. అమ్మ జ్వరంలో రామక్క పేరే కలవరిస్తోందన్నాడట.

“నేను పోత అన్న. ‘ఈ ఒక్క ఆట అయినంక పో’ అన్నది ఈ దొరసాని. ఆట అయ్యేసరికి పొద్దుగూకింది. నేను పోయేసరికి అమ్మను కాటికి ఎత్తుకపోయిన్రు.”

అరుంధతమ్మ ముఖం పాలిపోయింది. తర్వాత కోపం వచ్చింది. “మీ అమ్మకు గంత కష్టమున్నదని నాకు చెప్పినవా? యాభై ఏండ్లు కడుపుల పెట్టుకొని నా ఇంటికి వచ్చినవా?”

“చెప్పిన దొరసాని,” అంది రామక్క మెల్లగా. “మీరు గవ్వలేస్తున్నరు. ఇనలే.”

చాయ్ సగంలోనే వదిలేసి లేచి వెళ్లిపోయింది. మానిన పుండు ఎందుకు గెలికావని అరుంధతమ్మ కొడుకు ఇంద్రసేన రచనను కసిరాడు.

తర్వాతి ఆదివారం రామక్క రాలేదు. ఆ వారమంతా అరుంధతమ్మ ఆ మధ్యాహ్నాన్ని గుర్తు చేసుకోవాలని చూస్తూనే ఉంది. తాను కట్టుకున్న గద్వాల చీర గుర్తొచ్చింది. చిన్న తోడికోడలు ఓడి అలగడం గుర్తొచ్చింది. పంకా గాలి చల్లదనం కూడా గుర్తొచ్చింది. ఎంత వెతికినా రామక్క ముఖం మాత్రం ఆ వసారాలో ఎక్కడా లేదు. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు.

ఆటో పిలవమని రచనకు చెప్పింది. ముప్పై ఏళ్లలో ఆమె అడిక్‌మెట్‌లోని రామక్క ఇంటికి వెళ్లడం అదే మొదలు. రామక్క కొడుకు పోచయ్య కంగారుగా కుర్చీ తెచ్చాడు. అరుంధతమ్మ కుర్చీ వైపు చూడనైనా లేదు. లేవబోయిన రామక్కను ఆపి, ఆమె మంచం మీదే పక్కన కూర్చుంది.

“తప్పు నాదే రామక్కా. నువ్వు చెప్పినా ఇనలే.” రామక్క చెయ్యి పట్టుకుంది. “మీ అమ్మ పేరేంది? గా పేరు సుత నాకు తెల్వదు.”

రామక్క ఆమె వైపు తిరిగింది. కళ్లు నిండిపోయాయి.

“నర్సమ్మ,” అంది. “నా లెక్కనే పొట్టిది. తిరగలి తిప్పుకుంట పాడేది.”

ఆ పేరు పలికాక ఇక ఆగలేదు. అమ్మ చేతి పచ్చబొట్టు, అమ్మ చేసే సర్వపిండి, తాను అలిగితే బతిమాలే తీరు, అన్నీ చెప్పుకొచ్చింది. ఆలస్యమవుతోందని రచన గుర్తు చేస్తే, అరుంధతమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ మధ్యాహ్నమంతా రామక్కే మాట్లాడింది.