వైద్యురాలి సంచిలో చీటీ

ఆదివారం పొద్దున ఎనిమిది కాకుండానే మందులమ్మ భోజనాల బల్లను రెండోసారి తుడుస్తోంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి పోయినేడు పదవీ విరమణ చేసిన మనిషి. వీధిలో అందరికీ ఆమె మందులమ్మే. అసలు పేరు పింఛను కాగితాల మీద తప్ప ఎక్కడా కనబడదు. తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తోందంటే ఆమెకు లోపల కంగారుగా ఉందని ఇంట్లోవాళ్ళకు తెలుసు.

"అమ్మా, ఆ బల్ల అరిగిపోతుందే. ఆట పదింటికి కదా," అంది కూతురు బుజ్జి, నోట్లో బ్రష్షుతోనే.

"నీ పని నువ్వు చూసుకో. పిన్ని వస్తానందా?"

"ప్రతి వారం ఇదే ప్రశ్న. పైవాటా నుంచి కిందికి దిగడానికి పిన్నికి బండి పంపాలా ఏంటి?"

బుజ్జి బడిలో సైన్సు చెబుతుంది. ఆదివారాలు స్నేహితులతో కథాట ఆడుతుంది. అది పావులు జరిపే ఆట కాదు. బుజ్జి ఒక ఊరునీ, ఆ ఊరికి ఒక ఆపదనీ కల్పించి చెబుతుంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తలా ఒక పాత్రై, ఏం చేస్తారో ఏం మాట్లాడతారో చెప్పాలి. అవుతుందో లేదో అనుమానం వచ్చిన చోట పాచికలు తేలుస్తాయి. గెలవడం, ఓడిపోవడం ఉండవు, కథ నడిస్తే చాలు. రెండు నెలల క్రితం ఇద్దరు ఆటగాళ్ళు బదిలీల మీద వెళ్ళిపోయి, బుజ్జి బడిలోనే పనిచేసే లెక్కల మాస్టారు ఒక్కడే మిగిలాడు. ఒక్కడితో కథేం నడుస్తుందని బుజ్జి కిందున్న అమ్మనీ, పైనున్న పిన్నినీ లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఇద్దరిలో ఎవరికీ రెండోవాళ్ళు వస్తున్నట్టు చెప్పలేదు.

అక్కచెల్లెళ్ళది మూడేళ్ళుగా ఎడమొహం పెడమొహం. "మోటారు వేశారా?", "మీకు పార్సిల్ వచ్చింది" ఇంతవరకే మాటలు. అలాంటిది ఆటలో మందులమ్మ వైద్యురాలైంది, చెల్లెలు పడవ నడిపే మనిషైంది. కథ నడుస్తున్నంతసేపూ పాత్రగానే మాట్లాడాలన్నది బుజ్జి నియమం. ఇంకేం, ఆ చాటున ఇద్దరూ ఆరు వారాల్లో మూడేళ్ళ మాటలు మాట్లాడేసుకున్నారు. వైద్యురాలు పడవ మనిషి భుజానికి కట్టు కట్టింది. పడవ మనిషి వైద్యురాలి పిరికితనం మీద పాట కట్టింది. పోయిన వారం చెల్లెలు పకపకా నవ్వితే, ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందోనని మందులమ్మ ఆ పూటంతా లెక్కేసుకుంది. ఆ నవ్వు మళ్ళీ పోతుందేమోనన్న భయంతోనే ఇవాళ బల్లకు ఈ సేవ.

పదింటికి అందరూ కూర్చున్నారు. మందులమ్మ తన పాత్ర కాగితం పక్కన మందుల జాబితా పరిచింది. ప్రతి సీసాకూ పేరు, మోతాదు, వాడే వేళ రాసుకుంది.

"బుజ్జీ, ఈ గాయాల లేపనానికి గడువు ఎన్నాళ్ళు?"

"అది మంత్రాల లేపనం అమ్మా. గడువు ఉండదు."

"గడువు లేని మందు లోకంలో లేదే. ఆరు నెలలు వేసుకుంటున్నా."

"ఆ సంచిలో చెంచా ఏమైనా ఉందా అండీ?" అన్నాడు లెక్కల మాస్టారు ఆశగా. ఆటలో అతను దొంగ. నిధులు కళ్ళెదుట కనబడుతున్నా చెంచాలే దొంగిలిస్తాడు. ఇప్పటికి పదిహేడు పోగేశాడు.

బుజ్జి గొంతు సవరించుకుని కథ అందుకుంది. నదికి వరద వచ్చింది. లంకలో పదకొండు కుటుంబాలు చిక్కుకున్నాయి. సాయంత్రంలోగా అందరినీ దాటించాలి, ఉన్నది ఒక్కటే పడవ. ఇంత చెప్పి, మడత పెట్టిన చీటీ ఒకటి మందులమ్మ చేతికిచ్చింది. "ఇది వైద్యురాలికి మాత్రమే అందిన వార్త. చెప్పాలో వద్దో వైద్యురాలిష్టం."

మందులమ్మ విప్పి చదివింది. 'అవతలి గట్టున పడవ మనిషి తల్లికి బాగాలేదు. కూతుర్ని చూడాలంటోంది.'

చీటీ మడిచి మందుల జాబితా కింద పెట్టింది.

"వైద్యురాలు ఇప్పుడు ఏం చేస్తోంది?" అడిగింది బుజ్జి.

"మందులు సర్దుకుంటోంది."

బుజ్జి కాసేపు తల్లి మొహంలోకి చూసింది. ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ ఎందరి జబ్బుల సంగతులో కడుపులో దాచుకున్న మనిషి మందులమ్మ. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు; ఈమె నోట్లో పడితే నానడమే కాదు, మొలకెత్తినా బయటికి రాదు. బుజ్జి ఆట సాగించింది.

పడవ నాలుగు సార్లు దాటింది. చెల్లెలు పాచికలు వేసిన ప్రతిసారీ చేతిలో ఊది మరీ వేసింది. అయిదో విడత దాటుతుండగా దొంగగారికి చెయ్యి దురద పెట్టింది. "వైద్యురాలు గట్టు వైపు చూస్తున్నప్పుడు ఆమె సంచి తడుముతాను," అన్నాడు. పాచికలు వేశాడు. రెండూ ఆరే పడ్డాయి, అంటే పని అయినట్టే.

బుజ్జికి ఏం చెయ్యాలో తోచలేదు. నియమం నియమమే. "చెంచా లేదు. చీటీ ఉంది," అంది నెమ్మదిగా.

పాపం మాస్టారు, ఆట హుషారులో జాబితా కింద నుంచి చీటీ లాగి పైకే చదివేశాడు. చదవడం పూర్తయ్యాక గానీ తానేం చదివాడో అతనికి అర్థం కాలేదు.

చెల్లెలు చేతిలోని పాచికలు బల్ల మీద పెట్టింది. "వైద్యురాలా, ఈ వార్త ఎప్పుడొచ్చింది?"

"పొద్దున."

"సాయంత్రం కావస్తోంది. ఎందుకు చెప్పలేదు?"

"పదకొండు కుటుంబాలు నీ పడవ మీద ఆధారపడ్డాయి. చెబితే నీ చేతులు వణికేవి. అయిపోయాక చెబుదామని..."

"నా చేతులు వణుకుతాయో లేదో నువ్వెలా తేల్చావక్కా?"

ఆ పిలుపుతో ఆట ఆగిపోయింది. బల్ల దగ్గర ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. మాస్టారు లేచి, టీ పెడతానంటూ వంటింట్లోకి నడిచాడు. కాసేపటికి కడిగిన కప్పులనే మళ్ళీ కడుగుతున్న చప్పుడు వినబడింది.

మూడేళ్ళ క్రితం చెల్లెలు ఉద్యోగంలో పదోన్నతి శిక్షణ కోసం వేరే ఊళ్ళో ఉంది. ఆఖరి పరీక్ష రెండు రోజుల్లో ఉందనగా ఇక్కడ అమ్మకు ఊపిరి ఆడడం కష్టమైంది. పరీక్ష అయ్యాక చెబుదామనుకుంది మందులమ్మ. పరీక్ష అయింది, ఫోనూ చేసింది. చెల్లెలు ఇల్లు చేరేసరికి అమ్మ లేదు.

చెల్లెలు బుజ్జి వైపు తిరిగింది. "పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మా కథే చెప్పావు కదూ? ఇందుకేనా మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది?"

బుజ్జి కళ్ళు చెమర్చాయి. తన నోటు పుస్తకం తెరిచి పిన్ని ముందుకు జరిపింది. అందులో ఇలా ఉంది: 'చీటీ చదివి వైద్యురాలు చెబుతుంది. దొంగ తెడ్డు అందుకుంటాడు. పడవ మనిషి తల్లి దగ్గరికి వెళ్తుంది. తల్లి కోలుకుంటుంది.'

"కనీసం ఇక్కడైనా నువ్వు అమ్మమ్మ దగ్గరికి వెళ్తావని రాశాను పిన్నీ. అమ్మ చెప్పకుండా ఉంటుందని అనుకోలేదు. చెప్పకపోతే ఏమవుతుందో అసలు రాసుకోనేలేదు."

మందులమ్మ ఆ పేజీ చదివింది. ఇన్నేళ్ళూ తనకు తాను ఒకే సమాధానం చెప్పుకుంది, పరీక్ష కోసమని. చెల్లెలి బతుకు బాగుపడాలనే దాచానని. మరి ఇక్కడ పరీక్ష ఏదీ? నది లేదు, పడవ లేదు, మునిగిపోయే మనుషులు లేరు. ఉన్నదల్లా నాలుగు కుర్చీలూ, ఒక కాగితం ముక్కా. అయినా దాచింది. ఆలోచించను కూడా లేదు, చెయ్యి దానంతటదే చీటీ మడిచేసింది.

"చిన్నీ," అంది. "నువ్వు ఏడిస్తే నేను చూడలేనే. అదే అసలు సంగతి. నీ పరీక్ష ఒక సాకు. నీ ఏడుపు నా కళ్ళ పడకూడదనుకున్నా. నీకు ఫోన్ చేస్తే ఏడుస్తావు, ఆ ఏడుపు వింటూ అమ్మ పక్కన కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. నా పిరికితనానికి నీకు ఆఖరి చూపు లేకుండా చేశాను."

చెల్లెలు బల్ల మీది పాచికలను ఒకదాని పక్కన ఒకటి జరిపింది. తర్వాత అడిగింది. "అమ్మ నన్నడిగిందా?"

ఈ ప్రశ్న అప్పుడూ అడిగింది. లేదే, మత్తులో ఉంది, ఎవర్నీ గుర్తుపట్టలేదు అని చెప్పింది మందులమ్మ. ఇప్పుడూ ఆ మాటే నాలుక చివరికొచ్చింది. ఆపుకుంది.

"అడిగింది. రెండుసార్లు అడిగింది. తెలివిలోనే ఉంది."

"నువ్వేమన్నావు?"

"దారిలో ఉందన్నాను."

చెల్లెలు రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. మూడేళ్ళ నుంచి లోపలున్నదంతా కదిలినట్టు ఏడ్చింది. బుజ్జి లేవబోతే మందులమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. తనకూ లేచిపోవాలనే ఉంది, మంచినీళ్ళు తేవాలనో, తలుపు వెయ్యాలనో. లేవలేదు. ఏడుస్తున్న చెల్లెలి ఎదురుగా అలాగే కూర్చుంది.

ఏడుపు కాస్త సద్దుమణిగాక చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ మీద కోపం పోలేదు," అంది.

"పోనక్కర్లేదు."

"ఆ రోజంతా చెప్పు. పొద్దున్నుంచీ చెప్పు. నేను ఏడుస్తానని ఏదీ మింగెయ్యకు."

మందులమ్మ తల ఊపింది. "పొద్దున్నే మెలకువ వచ్చింది అమ్మకి. తల దువ్వమంది. కూర్చోబెట్టి జడ వేశాను. నీకు జడ వెయ్యడం ఈ జన్మకి రాదు, వదులుగా వేస్తావు, చిన్నదైతే గట్టిగా వేస్తుంది అని నన్ను తిట్టింది."

చెల్లెలికి ఏడుపులోనే నవ్వొచ్చింది. "అంత ఓపిక ఉందా తిట్టడానికి?"

"ఉంది. విప్పి మళ్ళీ వెయ్యమంది కూడా."

"వేశావా?"

"వేశాను. అదీ వదులేనంది."

చెల్లెలు కుర్చీ అక్క పక్కకు జరుపుకుని కూర్చుంది. "తర్వాత?" అంది.