ఐదక్షరాల ముఠా

మైదుకూరు బస్టాండులో పట్టపగలు పెద్ద ఈరన్నను పొడిచేశారు.

నెలనాళ్ళుగా అతను గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతున్నాడు. సీక్రెట్ సర్వీసు మనిషని ఆడవాళ్ళెవరూ కనిపెట్టలేదు. కనిపెట్టవలసినవాళ్ళు కనిపెట్టారు. ఏజెంట్ లేవి కడప బస్సు దిగి పరుగున వచ్చేసరికి, ఈరన్న పగిలిన గాజుల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు.

"ఐదే అచ్చరాలంటప్పా," అన్నాడు ఈరన్న, ఊపిరి అందక. "ఇంగ్లీషువి. వాటినే అటూ ఇటూ మారుస్తాండారు. మాట మారితే పని మారినట్ట. ముందు స్టేల్ అన్యారు, ఆమైన లీస్ట్, ఆమైన స్టీల్. ఈపొద్దు టేల్స్. రేపు డాక్టరును దేశం దాటిస్తారంట. మా సుంకులమ్మకు..."

భార్యకు ఏం చెప్పమన్నాడో చెప్పకుండానే పోయాడు.

లేవికి కన్నీళ్ళు రాలేదు. ఈరన్న మలారం తన భుజానికెత్తుకున్నాడు.

డాక్టరంటే గంగిరెడ్డి. కమలాపురం మనిషి, జియాలజిస్టు. కడప కొండల్లో అణుశక్తికి పనికొచ్చే నల్లటి ముడిరాయిని కనిపెట్టాడు. అది ఏ కొండలో ఎంత లోతున ఉందో కాగితం మీద పెట్టలేదు, తలలోనే దాచుకున్నాడు. అందుకే విదేశీ ముఠా కాగితాల జోలికి పోకుండా మనిషినే ఎత్తుకుపోయింది.

మర్నాడు ఉదయం లేవి కర్నూలులో చీఫ్ ముందు నిలబడ్డాడు. అది యాభై నాలుగో సంవత్సరం. కొత్త రాజధాని ఇంకా డేరాల్లోనే నడుస్తోంది. చీఫ్ శేషగిరి ఆఫీసూ ఒక డేరాయే.

"సింపుల్," అన్నాడు చీఫ్. "టేల్స్ అంటే కథలు. కథలంటే నాటకం. ఊళ్ళో పాండవ నాటకం ఆడుతున్న కంపెనీని ఈ మధ్యాహ్నం రెయిడ్ చేస్తున్నాం. మన ఇన్ఫార్మర్ మంజులవాణి కూడా అదే చెప్పింది."

"ఆమెను నమ్మొద్దని ఈరన్న రెండుసార్లు కబురు పంపినాడు సార్."

"ఈరన్నకు అనుమానాలు ఎక్కువ."

"ఇప్పుడు లేవు సార్. చచ్చిపోయినాడు."

"లేవీ! నోరు అదుపులో పెట్టుకో."

లేవి విసురుగా బయటికొచ్చాడు. దడాలున మూసి వద్దామంటే ఆ డేరాకు తలుపు కూడా లేదు.

నాటకం కంపెనీ బసలో మంజులవాణి ద్రౌపది వేషానికి ముఖాన రంగు పూసుకుంటోంది. జిల్లా అంతా ఆమె పద్యానికి, ఆమె కళ్ళకు దాసోహమన్నదే. అద్దంలో లేవిని చూసి నవ్వింది.

"ఏం బాబూ, టిక్కెట్టు దొరకలేదా?"

లేవి ఈరన్న మలారం తెచ్చి ఆమె ఒడిలో పడేశాడు. గాజులు గలగలమన్నాయి. గుడ్డకు అంటిన నెత్తురు నల్లగా ఎండిపోయి ఉంది.

"నువ్వు రెండు పక్కలా తింటాండావు. అది నాకు తెలుసు. ఈ మనిషి చావులో నీ పాలెంతో చెప్పు."

ఆమె పెదవుల మీది నవ్వు చెరిగిపోయింది. "అతను మీవాడని వాళ్ళకు చెప్పింది నేనే. ఊరు దాటిస్తామన్నారు. చంపుతారని నాకు తెలియదు."

"తెలియదా? పాము బుట్ట మూత తీసి, కరుస్తుందని తెలియదంటావా? డాక్టరు యాడున్నాడు?"

"నిన్న మా సామాను లారీలోనే తెచ్చారు. రాత్రికి రాత్రే మరో పెట్టెలోకి మార్చి తీసుకుపోయారు. మీ చీఫుకు మా కంపెనీ పేరు చెప్పమన్నదీ వాళ్ళే. ఐదు పనులకు ఐదు మాటలు. నాలుగే నాకు చెప్పారు. ఐదోది సరుకు దగ్గర ఉన్నవాడికే తెలుసు."

ఆమెను కానిస్టేబులుకు అప్పగించి లేవి జీపెక్కాడు. మిషన్ బళ్ళో దెబ్బలు తింటూ నేర్చిన స్పెల్లింగులు నోటికొచ్చాయి. ఎస్, టి, ఎ, ఎల్, ఇ. స్టేల్, లీస్ట్, స్టీల్, టేల్స్. అన్నిటిలోనూ అవే ఐదు. స్టీల్ అంటే లోహం కాదు, దొంగతనం. ఆ మాటతోనే డాక్టరును ఎత్తుకుపోయారు. ఇక మిగిలింది?

స్లేట్!

మార్కాపురం పలకల పెట్టెలు గూడ్సు బండిలో ద్రోణాచలం మీదుగా గోవా రేవుకు పోతాయి. గోవా పరాయి ప్రభుత్వం చేతిలో ఉంది. బండి జంక్షన్ గేటు దాటితే ఇక అందదు, డాక్టరు దేశం దాటినట్టే.

"తోలప్పా! ఇంజను కాలిపోయినా సరే!" అని డ్రైవరు మీద అరిచాడు.

ద్రోణాచలం జంక్షన్లో గూడ్సు కదలడానికి సిద్ధంగా ఉంది. స్టేషన్ మాస్టరుకు కార్డు చూపించి, గార్డు కోటు తొడుక్కుని, లేవి పెట్టెల మధ్యకు నడిచాడు. కోటు లోపల, డాక్టరు క్యాంపు నుంచి నిన్ననే తెప్పించుకున్న గీగర్ కౌంటర్ ఉంది, అణుధార్మికతను పసిగట్టే యంత్రం. ముడిరాయి ముక్క ఒకటి గంగిరెడ్డి జేబులో ఎప్పుడూ ఉంటుందని ఆయన వంటవాడు చెప్పాడు.

మొదటి వ్యాగన్లో యంత్రం పెద్దగా పలకలేదు. రెండోదాంట్లోనూ అంతే. మూడోదాంట్లో చిటపటమని పేలాలు వేగినట్టు మోగింది.

"హాల్ట్!"

పలకల వ్యాపారి వేషంలో ఉన్న తెల్లవాడు పెట్టె వెనకనుంచి లేచాడు. చేతిలో పిస్టల్. "వర్డ్?"

"స్లేట్," అన్నాడు లేవి, కన్నార్పకుండా.

పిస్టల్ కిందికి వాలింది. మరుక్షణం గార్డు జెండా కర్ర వాడి మణికట్టు మీద విరిగింది. లేవి వాడి మీద పడి గొంతు పట్టుకున్నాడు. బండి కూత వేసింది. వాడి ముఖం నల్లబడుతోంది. ఇంకొంచెం నొక్కితే ఈరన్న బాకీ తీరిపోతుంది. కానీ పెట్టెలోంచి సన్నని మూలుగు వినబడింది. లేవి పళ్ళు కొరికి చేతులు వదిలి, ఎర్ర జెండా బయటికి చాచాడు. గేటుకు గజం దూరంలో ఇంజను ఆగింది.

పెట్టె పగలగొడితే గంగిరెడ్డి, నోట్లో గుడ్డతో, మత్తులో.

"ఏమప్పా, యాడికొచ్చినాం?" అన్నాడు గుడ్డ తీయగానే.

"మనూరికేలే సార్. ఈడే ఉండాము."

సాయంత్రం కర్నూలునుంచి ఫోను. చీఫ్ గొంతు నీరసంగా ఉంది. "లేవీ, రెయిడ్ జరిగింది. పాండవులు ఐదుగురినీ లాకప్పులో వేశాం. వాళ్ళ దగ్గర ఏమీ దొరకలేదు. ఇప్పుడేం చేయమంటావు?"

లేవి నిలువెల్లా మండిపోతున్నాడు. ఈరన్న ఇంటికి పోయి సుంకులమ్మకు ఏం చెప్పాలో అతనికి ఇంకా తోచలేదు.

"వదిలిపెట్టండి సార్," అన్నాడు. "మీరు పుట్టకముందే వాళ్ళు పదమూడేళ్ళ శిక్ష పూర్తి చేసినారు."

"పదమూడే కదా? వనవాసమంటే పద్నాలుగేళ్ళు కదా?"

"ఆ పద్నాలుగోది మీరు చేయండి సార్," అని లేవి ఫోను పెట్టేశాడు.