తమ్ముడు పంపిన గడియారం ఫోటో

గడియారాల మెకానిక్ టేబుల్ మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. మెడ వెనక ఒకే ఒక్క తూటా. ఎదురుగా, అతను కిందటి రోజే బాగుచేసిన గోడ గడియారం నిక్షేపంలా నడుస్తోంది.

"ఇద్దరన్నదమ్ములు," అన్నాడు చీఫ్. "శత్రుదేశపు సీక్రెట్ కోడ్‌తో సహా మన వైపు వచ్చేశారు. వేర్వేరు ఊళ్ళలో దాచాం. ఫోన్లు లేవు. పాత గడియారాల మెయిల్ గ్రూప్ ఒక్కటే దిక్కు. అక్కడ అందరూ అన్నా, తమ్ముడూ అనే పిలుచుకుంటారు, ఎవరికీ అనుమానం రాదు. ఇతను ఫోటో పెడితే అన్న మెచ్చుకునేవాడు. అంతే వాళ్ళ పలకరింపు."

"ఫోటోతో అడ్రస్ దొరికిపోదా?" అన్నాడు ఏజెంట్ గొడుగు. ఏ కాలమైనా గొడుగు వదలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"అందుకేగా మోడరేటర్‌గా మన మనిషిని పెట్టింది! ఏ ఫైలైనా ముందు ఆవిడకే వెళ్తుంది. లొకేషన్ చెరిపేశాకే గ్రూప్‌లో పడుతుంది. శత్రువుల ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తోంది. నిప్పులాంటి మనిషి."

గొడుగు మెకానిక్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. గ్రూప్‌కు చేరిన ఫోటోలో లొకేషన్ లేదు. మెకానిక్ పంపిన ఒరిజినల్‌లో వీధితో సహా ఉంది. ఆ ఒరిజినల్ చూసింది మోడరేటర్ ఒక్కతే. అతను రెండు ఫైళ్ళనీ మళ్ళీ పోల్చి చూశాడు. ఆమె నవ్వుకు ఒకప్పుడు తనూ పడిపోయినవాడే.

"సార్, అన్నని ఫోటోలు ఆపమనండి. ఆయన పేరు మీద నేను పంపుతా."

మర్నాడు మధ్యాహ్నం ఒక అద్దె గదిలో ఏజెంట్ అన్న వేషంలో తెల్ల విగ్గు పెట్టుకుని, గొడుగు భుజాన ఆనించుకుని, తలుపుకు వీపు తిప్పి కూర్చున్నాడు. ముందు పాత అలారం గడియారం. దాని ఫోటో, లొకేషన్‌తో సహా, పొద్దున్నే మోడరేటర్‌కు చేరింది.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఖరీదైన సెంటు వాసన. మెడకు చల్లగా ఇనుము తగిలింది.

"గడియారం బావుంది పెద్దాయనా," అందామె.

"మీరే వస్తారనుకోలేదు మేడమ్."

ఆ గొంతు ఆమెకు తెలిసిందే. "గొడుగూ! నువ్వా?"

"ఆ అమాయకుణ్ణి ఎందుకు చంపావు?"

"రెండు వైపులా జీతం తీసుకున్నాక, ఎవరో ఒకరికి పనిచెయ్యాలిగా."

"గడియారానికి కీ ఇచ్చే టైమైంది," అన్నాడు గొడుగు గట్టిగా. పక్కగదిలో పోలీసులకు అదే కోడ్. ఆమె ట్రిగ్గర్ నొక్కింది. అదే క్షణంలో అతను పిడి బటన్ నొక్కాడు. గొడుగు ఫట్‌మని విచ్చుకుని ఆమె చేతిని పైకి నెట్టేసింది. తూటా సీలింగ్‌లో దిగింది. పోలీసులు ఆమెను పట్టుకున్నారు.

ఆ సాయంత్రానికి మోడరేటర్ పని గొడుగు నెత్తిన పడింది. అనుమతి కోసం ఒకే ఒక్క మెయిల్ ఎదురుచూస్తోంది. అది అన్న రాసింది. తమ్ముడు పోయాడని ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.

"తమ్ముడూ, నీ గోడ గడియారం నడుస్తోందా? ఉలుకూ పలుకూ లేదేం?"

గొడుగుకు ఏడుపొచ్చింది. అయినా డ్యూటీ ప్రకారం చెక్ చేశాడు. అటాచ్‌మెంట్ లేదు. లొకేషన్ లేదు. రూల్స్ ప్రకారం, ఎవరికీ ఏ ప్రమాదమూ లేని మెయిల్.